'అలరించింది' అని మర్నాడు చదివితే ఏం లాభం?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో బెంగళూరును రెండు రోజుల్లో చుట్టి రావడం ఎలాగో రాశారు. మొత్తం చదివాను. లాల్‌బాగ్, విధానసౌధ, బన్నేరుఘట్ట, కమర్షియల్ స్ట్రీట్, రెండు మాల్స్. ఏ గంటకి ఎక్కడ ఉండాలో కూడా ఇచ్చారు. శనివారం సాయంత్రం ఏడు నుంచి పది దాకా మాత్రం 'విశ్రాంతి' అని పెట్టారు. ఆ మూడు గంటల గురించే ఈ ఉత్తరం. ఈ ఊళ్లో నాటకాలు ఆడేది ఆ మూడు గంటల్లోనే.

నాది తాడిపత్రి. పెళ్లయి 2001లో ఈ ఊరొచ్చాను. జేపీ నగర్ అవతల పుట్టేనహళ్లిలో చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్. మా నాయన నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. అయినా ఇక్కడికొచ్చిన పన్నెండేళ్ల దాకా నేను ఒక్క నాటకం కూడా చూడలేదు. ఎక్కడ ఆడతారో తెలియదు, చెప్పినవాళ్లూ లేరు.

ఒకరోజు ఒక కన్నడ అమ్మాయి నాలుగు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చింది. హుక్కులు వద్దక్కా, వెల్‌క్రో వెయ్యండి అంది. చీరకి కుచ్చిళ్లు పెట్టి, నడుం దగ్గర ముందే కుట్టేయమంది. ఎందుకమ్మా అంటే, రెండు సీన్ల మధ్య నాకు ఒకటిన్నర నిమిషమే ఉంటుంది, ఆ లోపల పెళ్లికూతురు వేషం తీసి ముసలమ్మనై రావాలి అని చెప్పింది. డబ్బులిస్తూ చేతిలో ఒక పాస్ కూడా పెట్టింది. అలా మొదటిసారి రంగశంకర అనే నాటకాల హాలుకి వెళ్లాను. మా ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు.

మూడో వరసలో కూర్చున్నాను. లైట్లు ఆరిపోయాయి. మైకుల మోత లేదు, సినిమా హాల్లో లాగా చెవులు పగలగొట్టే సంగీతం లేదు. ఆ పిల్ల నా నుంచి పది అడుగుల దూరంలో నిలబడి మాట్లాడుతోంది. మెడ మీద చెమట చుక్క జారడం కనిపిస్తోంది. ఒక సీను ముగిసింది, రంగస్థలం మొత్తం చీకటి. ఎవరూ కదలడం లేదు. ఆ నిశ్శబ్దంలో నల్ల తెర వెనక నుంచి 'పర్రు'మని చిన్న చప్పుడు వచ్చింది. హాల్లో ఇంకెవరికైనా వినిపించిందో లేదో గానీ అదేమిటో నాకు తెలుసు. నేను వేసిన వెల్‌క్రో. వెలుగు వచ్చేసరికి ఆ పిల్ల నడుం వంచుకుని, చేతులు వణుకుతూ, ముసలమ్మై నడిచి వస్తోంది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు ఆమెకి ఫోన్ చేసి జాకెట్లు వెనక్కి తెప్పించుకుని వెల్‌క్రో తీసేసి టిచ్ బటన్లు కుట్టిచ్చాను. ఆ చప్పుడు కూడా ఉండకూడదనిపించింది.

అప్పటి నుంచి నెలకి రెండు నాటకాలైనా చూస్తున్నాను. ఊరి నుంచి బంధువులొస్తే వాళ్లనీ తీసుకెళ్తున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. చుట్టూ తిరిగి మిగిలిన టైంలో నాటకం చూద్దాం అనుకుంటే అది జరగదు. ముందు నాటకం ఖాయం చేసుకోవాలి, మిగతా రెండు రోజులూ దాని చుట్టూ అమర్చుకోవాలి. ఈ సంగతి మా అక్కావాళ్ల విషయంలో దెబ్బ తిన్నాకే నాకు తెలిసొచ్చింది.

ఆరేళ్ల కిందట అక్కా, బావగారూ, వాళ్ల చిన్నకొడుకూ శనివారం బయల్దేరి అనంతపురం మీదుగా బస్సులో వచ్చారు. మధ్యాహ్నం మూడున్నరకల్లా మెజెస్టిక్‌లో దిగుతారు, ఏడున్నర నాటకానికి బోలెడు టైం ఉందిలే అని నేనే టికెట్లు తీశాను. దారిలో ఎక్కడో టైరు పోయింది. ఆ తర్వాత యలహంక దగ్గర మొదలైన ట్రాఫిక్ హెబ్బాళ ఫ్లైఓవర్ దాటేదాకా వదల్లేదు. దిగేసరికి ఆరున్నర అయింది. రెండు పెద్ద బ్యాగులు, ఒక బియ్యం సంచి, ఊరగాయ జాడీ. అవన్నీ మోసుకుని మెట్రో ఎక్కి, దిగి, ఆటో కోసం నిలబడి, హాలు దగ్గరికి చేరేసరికి ఏడూ ముప్పై ఎనిమిది. తలుపు మూసేసి ఉంది. నాటకం మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపరు.

తప్పు పూర్తిగా నాది. ఆ నియమం గురించి నాకు ముందే తెలుసు. అది సరైన నియమమని ఇప్పటికీ అంటాను. ఆలస్యంగా వచ్చిన ఒక్క మనిషి ఫోన్ లైటు వేసి సీటు వెతుక్కుంటే, పది అడుగుల దూరంలో ఏడుస్తున్న మనిషి ఏడుపు అక్కడే తెగిపోతుంది. జాకెట్లు కుట్టించుకున్న ఆ అమ్మాయి ఈ మాట నాకు ఎప్పుడో చెప్పింది. ఆ పూట బయట కూర్చుని సగ్గుబియ్యం వడలు తిన్నాం. పిల్లాడు బియ్యం సంచి మీద తల పెట్టి నిద్రపోయాడు. తొమ్మిది దాటాక తలుపులు తెరిచారు. లోపల్నించి వస్తున్న వాళ్ల మొహాలు చూస్తూ బావగారు అట్లాగే నిలబడిపోయారు. కొందరి కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొందరు మాట్లాడకుండా నడుస్తున్నారు. "ఏందో చూసొచ్చినార్లేమ్మా వీళ్లు. మనకే లేకపాయ" అన్నారు బావగారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండోసారి అలా చెయ్యలేదు. మీ పాఠకులకి పనికొస్తుందని ఎలా చేశానో వివరంగా రాస్తున్నాను.

మూడు వారాల ముందే ఏ నాటకం ఎప్పుడుందో చూసి, శనివారం సాయంత్రం ఆటకి నాలుగు టికెట్లు ఆన్‌లైన్‌లో తీశాను. మనిషికి 200 రూపాయలు. టికెట్లు చేతికొచ్చాకే బస్సు మాట ఎత్తాను. శుక్రవారం రాత్రి బస్సుకి రమ్మన్నాను, అంటే శనివారం తెల్లారేసరికి ఊళ్లో ఉంటారు. టైరు పోయినా, హెబ్బాళలో ఇరుక్కున్నా పన్నెండు గంటలు చేతిలో ఉన్నట్టు. వచ్చిన పూట ఎక్కడికీ తిప్పలేదు. స్నానాలు, టిఫిన్లు అయ్యాక లాల్‌బాగ్ తీసుకెళ్దామని అక్క పట్టుబట్టింది. ఒప్పుకోలేదు. బస్సులో నిద్ర లేని మనిషిని ఎండలో తిప్పి, చీకటి హాల్లో మెత్తటి సీట్లో కూర్చోబెడితే పావుగంటలో గురక వినిపిస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కర్టెన్లు వేసి రెండు గంటలు అందర్నీ పడుకోబెట్టాను. ఐదింటికి లేచి కాఫీలు తాగి బయల్దేరాం. ఆరింటికే హాలు చేరి అక్కడి క్యాంటీన్‌లో కడుపు నింపుకున్నాం. ఖాళీ కడుపుతో నాటకం చూడకూడదు. మరీ బరువుగా తిన్నా కూడా కష్టమే.

హోటల్లో దిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. నాటకం ఏ పేటలో ఉంటే బస ఆ పేటలోనే చూసుకోండి. రంగశంకర అయితే జయనగర్, జేపీ నగర్, బనశంకరి వైపు. మెట్రో గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్ నుంచి ఇరవై నిమిషాల్లో వచ్చేయొచ్చు. 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్‌లో రాగిగుడ్డ స్టేషన్ ఇంకా దగ్గర, ఆర్‌వీ రోడ్డులో రైలు మారితే చాలు. జేసీ రోడ్డులో టాగూరు శతజయంతి గుర్తుగా కట్టిన రవీంద్ర కళాక్షేత్రంలో నాటకమైతే లాల్‌బాగ్ పక్కనే కాబట్టి ఆ రోజు ఉదయం తోట చూసి, మధ్యాహ్నం గదికి పోయి, సాయంత్రం మళ్లీ రావచ్చు. వైట్‌ఫీల్డ్‌లోని జాగృతి థియేటర్లో అయితే ఆ రోజుకి బసవనగుడి మర్చిపోండి. ఈ చివర నుంచి ఆ చివరకి పోవడంలోనే పూట గడిచిపోతుంది. రంగశంకరకి సోమవారం సెలవు, అది కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఆ రాత్రి నాటకంలో నటులు ఇద్దరే. సామాను కూడా ఒక కుర్చీ, ఒక స్టీలు చెంబు. బావగారికి కన్నడం మాటలు అర్థమవుతాయి గానీ గబగబా మాట్లాడితే కష్టం. కథ నాలుగు ముక్కల్లో ముందే చెప్పి పెట్టాను. భాష రాదని భయపడేవాళ్లకి అది చాలు. మనవైపు వాళ్లకి కన్నడం మరీ పరాయి భాషేమీ కాదు. మా తాడిపత్రిలో 1880లో పుట్టిన రాఘవాచార్యులు గారే కదా బళ్లారి రాఘవ. ప్లీడరుగా పని చేస్తూ తెలుగులో ఆడారు, కన్నడంలో ఆడారు, ఇంగ్లీషులో కూడా ఆడారు. ఆడ వేషాలు ఆడవాళ్లే వెయ్యాలని ఆ రోజుల్లోనే పట్టుబట్టారు. ఆ ఊరి మనుషులం, పక్క భాష నాటకం చూడ్డానికి జంకడమేమిటి?

నాటకం అయిపోయాక బావగారు చాలాసేపు లేవలేదు. బయటికొచ్చాక కూడా మాట్లాడలేదు. ఇంటికొచ్చి అన్నంలో పప్పు కలుపుతూ, "ఆయమ్మ చెంబు కింద పెట్టినప్పుడు చప్పుడు చేసింది సూడు. కావాలనే చేసింటాదా, చెయ్యి జారిందా?" అని అడిగారు. రాత్రి పన్నెండున్నర దాకా ఆ చెంబు గురించే మాట్లాడుకున్నాం. కావాలనే చేసిందని అక్క, లేదని నేను. ఇందుకోసమే నాటకాన్ని శనివారం పెట్టాలంటాను. ఆదివారం పెట్టుకుంటే ఆట మధ్యలోనే రాత్రి బస్సు టెన్షన్ మొదలవుతుంది, మాట్లాడుకోవడానికి ఒక రాత్రి మిగలదు. శనివారం వీలు కాకపోతే ఆదివారం మధ్యాహ్నం ఆట ఉందేమో చూసుకోవాలి.

ఆదివారం పొద్దున గాంధీ బజార్‌లో 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్‌కి వెళ్లాం. చెయ్యి పొడవునా ప్లేట్లు పేర్చుకుని దోసెలు తెచ్చే మనిషిని చూసి పిల్లాడు తినడం మర్చిపోయాడు. శుక్రవారం మూసేస్తారు, అది చూసుకోవాలి. తర్వాత దొడ్డ బసవన్న గుడి, అక్కడి నుంచి లాల్‌బాగ్. గాజు ఇల్లు, కెంపేగౌడ గోపురం ఉన్న పాత బండ, ఇవన్నీ మీరు రాశారు కాబట్టి మళ్లీ రాయను. బండ మీద కూర్చున్నప్పుడు కూడా బావగారు చెంబు సంగతే ఎత్తారు.

రెండు గంటల నాటకం కోసం ఇంత ఏర్పాటా అని మా షాపుకొచ్చే ఒకావిడ అడిగింది. ఫోన్‌లో దొరకదా అంది. ఆవిడకి మా నాయన సంగతి చెప్పాను. నాయన హార్మోనియం పట్టుకుని పోయే ఊళ్లకి చుట్టుపక్కల పల్లెల నుంచి ఎద్దుల బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. సద్దిమూటల్లో పెరుగన్నం, మామిడికాయ తొక్కు. పొద్దు వాలకముందే ఒకరిని పంపించి వేదిక ముందు చాప పరిపించి చోటు పట్టేవాళ్లు. రాయబారం సీను నడిరాత్రి, కాటిసీను తెల్లవారుజామున. 'వన్స్ మోర్' అంటే నాయన మళ్లీ శ్రుతి అందుకునేవాడు. తెల్లారాక చెట్టు కింద పడుకుని, మధ్యాహ్నం ఆ ఊళ్లోనే చుట్టాలింట్లో తిని, సాయంత్రానికి బండి కట్టేవాళ్లు. అంటే రెండు రోజుల ప్రయాణం, మధ్యలో నాటకం. ఎద్దులకి గడ్డి దగ్గర్నుంచి చంటిపిల్లకి దుప్పటి దాకా అన్నీ దాని చుట్టూ సర్దుకున్నవే. ఆన్‌లైన్ టికెట్ నాకు ఆ చాపలాగే కనిపిస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం వాళ్ల డేరాలు ఏ ఊళ్లో పడితే ఆ ఊరికి జనం ఇలాగే కదిలేవారని నాయనే చెప్పేవాడు.

ఈ ఊళ్లో కూడా రాత్రంతా ఆడిన నాటకం ఒకటుంది. కన్నడ రచయిత కువెంపు గారి పెద్ద నవల 'మలెగళల్లి మదుమగళు'ని తొమ్మిది గంటల నాటకం చేసి, మల్లత్తహళ్లి దగ్గర కళాగ్రామంలో ఆరుబయట ఆడారు. వేదికలు నాలుగు. ఒక్కో భాగానికి జనం లేచి ఒక వేదిక నుంచి ఇంకో వేదిక ముందుకి పోవాలి. అలాంటిది మళ్లీ వస్తే స్వెట్టరు, చాప, మంచినీళ్లు పెట్టుకుని రావాలి, మర్నాడు ఏ ప్రోగ్రామూ పెట్టుకోకూడదు.

పిల్లలున్నవాళ్లకి ఒక జాగ్రత్త. ప్రతి నాటకానికీ ఏ వయసు వాళ్లని రానిస్తారో టికెట్ దగ్గరే రాసి ఉంటుంది. అది చదవకుండా చంటిపిల్లని ఎత్తుకొచ్చి, ఒకరు లోపల, ఒకరు బయట ఉండిపోయిన భార్యాభర్తల్ని చూశాను. పిల్లల కోసమే ఆడే నాటకాలు కూడా ఉన్నాయి, వాళ్లతో వచ్చేవాళ్లు ముందు అవి ఎప్పుడున్నాయో చూసుకుని రోజు నిర్ణయించుకుంటే మంచిది.

ఇక నేను మిమ్మల్ని అడిగేది.

మీ బెంగళూరు పేజీ నేను రోజూ చదువుతాను. గుళ్లలో కల్యాణాలు, ప్రవచనాలు, రక్తదాన శిబిరాలు ముందు రోజే వేస్తారు. సినిమాలకైతే పేజీలకి పేజీలు. నాటకం విషయంలో మాత్రం మర్నాడు ఒక ఫొటో వేసి కింద 'అలరించిన నాటకం' అని రాస్తారు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వాళ్ల శ్రీకృష్ణదేవరాయ కళామందిరంలో తెలుగు నాటకం జరిగిందని కూడా నాకు ఇలా జరిగిపోయాకే తెలిసింది. అలరించిన సంగతి సోమవారం తెలిస్తే శనివారం నేను ఎక్కడికి పోను? ఆ ఫొటోలో పద్యం పాడుతున్న ఆయన నోరు తెరిచి ఉంది, వెనకాల హార్మోనియం మీద ఎవరివో చేతులు. కత్తిరించి షాపులో మిషన్ పక్కన అతికించుకున్నాను.

ఆ హాళ్లని నిలబెట్టినవాళ్లు ఎంత కష్టపడ్డారో ఒకసారి చూడండి. టీవీలో మాల్గుడి కథలు తీసిన శంకర్ నాగ్ 1990లో దావణగెరె దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయారు. నాటకానికి ఒక మంచి హాలు ఉండాలన్నది ఆయన కోరిక. భార్య అరుంధతీ నాగ్ గారు ఏళ్ల తరబడి తిరిగి డబ్బు కూడబెట్టి 2004లో రంగశంకర తలుపులు తెరిచారు. పద్నాలుగేళ్లు! సోమవారం తప్ప రోజూ అక్కడ ఏదో ఒక నాటకం ఉండాలన్నది వాళ్ల పట్టుదల. మన వంతుగా ఆరు లైన్లు అచ్చు వెయ్యడం పెద్ద పనా?

నేను కోరేది చాలా చిన్న పెట్టె. గురువారం నాడు, వచ్చే పది రోజుల నాటకాలు. పేరు, హాలు, మొదలయ్యే టైం, ఎంతసేపు, ఏ భాష, టికెట్ ఎంత, ఏ వయసు పిల్లలకి. ఆలస్యమైతే లోపలికి రానివ్వరనేది మాత్రం పెద్ద అక్షరాలతో వెయ్యండి. గురువారం వేస్తే హిందూపురం, చిక్కబళ్లాపురం వాళ్లకి ఆ వారానికే పనికొస్తుంది. పది రోజులవి వేస్తే అనంతపురం, కర్నూలు, చిత్తూరు వాళ్లు వచ్చే వారానికి బస్సు చూసుకుంటారు. మీ పత్రిక ఆ జిల్లాల్లో కూడా చదువుతారు, ఈ పెట్టె అక్కడి ఎడిషన్లలో కూడా వెయ్యండి. హాళ్ల వాళ్లు తమ వివరాలు ముందే పెడుతూనే ఉన్నారు. తెలుగు సంఘాల వాళ్ల దగ్గరే సమాచారం ముందుగా రాదు. వాళ్లకి మీరు ఒక ఫోన్ చేసి అడిగితే కాదనరు.

మా అమ్మకి ఇప్పుడు 78. నాయన పోయాక ఒక్క నాటకం కూడా చూడలేదు. ఈ కార్తీకంలో మా ఇంటికి రమ్మంటే వస్తానంది. ఏం చూపించమంటావు అని అడిగితే, "నాకు గుళ్లొద్దు పాపా, పద్యముండే నాటకం ఏడన్నా ఆడతాంటే సూపించు" అంది. మోకాళ్ల నొప్పులు, రాత్రి బస్సు కుదరదు. ఒకరోజు ముందే కారులో తీసుకురావాలి, హాల్లో మెట్లు లేని వైపు సీటు చూడాలి, మధ్యాహ్నం పడుకోబెట్టాలి. అన్నీ నేను చూసుకుంటాను. అది ఏ హాల్లో, ఏ తేదీనో మీ పేపర్లో కనబడిన రోజే కారు మాట్లాడతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పుట్టేనహళ్లి, బెంగళూరు.